చెక్ ఇంజిన్ లైట్: కోడ్ చెరిపేస్తే లీక్ ఆగుతుందా?

చార్మినార్ నుంచి మదీనా దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కారులో పెట్రోల్ వాసన, డ్యాష్‌బోర్డ్‌పై పసుపు లైట్. కోడ్ క్లియర్ చేసి ఆ లైట్ ఆర్పడం మీ ఫోన్‌కీ వచ్చు. స్టీరింగ్ కింది ఓబీడీ పోర్ట్‌లో ఈఎల్‌ఎం327 బ్లూటూత్ డాంగిల్ పెట్టి, టార్క్ లాంటి యాప్ ఓపెన్ చేస్తే చాలు. కానీ ముందు కోడ్ చదవండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పీ0442 చిన్న లీక్, పీ0455 పెద్దది. పీ0457 వస్తే పెట్రోల్ ట్యాంక్ మూత మీదే అనుమానం. ఏ కోడ్ వచ్చినా నేనైతే మూతతోనే మొదలుపెడతా: రబ్బరు రింగు పగిలిందా, క్లిక్‌మనేదాకా బిగిసిందా? తర్వాత పర్జ్ వాల్వ్, బొగ్గు డబ్బాకి (అదే చార్‌కోల్ క్యానిస్టర్) వెళ్లే గొట్టాలు. అక్కడా దొరక్కపోతే స్మోక్ టెస్ట్. అన్నట్టు, అన్ని కార్లూ ఈ లీక్‌ని కనిపెట్టలేవు. కోడ్ లేకపోయినా వాసన వస్తుంటే ముక్కునే నమ్మండి.

లీక్ సరిచేశాకే క్లియర్ నొక్కండి. దాంతో రెడీనెస్ మానిటర్లు కూడా రీసెట్ అవుతాయి. ఈవాప్ మానిటర్ మళ్లీ పూర్తవ్వాలంటే చాలా కార్లకి రాత్రంతా చల్లారిన ఇంజిన్, మరీ ఖాళీగానో నిండుగానో లేని ట్యాంక్ కావాలి. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నారా? లైట్ లేదు, కానీ మానిటర్లన్నీ ‘ఇన్‌కంప్లీట్’ అంటున్నాయంటే, కోడ్‌లు ఈమధ్యే చెరిపారేమో, బ్యాటరీ తీశారేమో ఓనర్‌ని అడగండి.