సైలెన్సర్ మారిస్తే సరిపోదు, కార్బురేటర్ కూడా చూసుకోవాలి

కోరుట్ల: పాత బండికి కొత్త సైలెన్సర్ వేశారు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు నుంచి రేస్ వదిలినప్పుడల్లా పటాకీలు పేలినట్టు చప్పుడు. పికప్ ఇచ్చేటప్పుడు మిస్సింగ్. మెట్‌పల్లి దాకా వెళ్లొచ్చేసరికి ఇంజిన్ దగ్గర కాలు పెట్టలేనంత వేడి. ఈ మాటలు వినగానే అనుభవమున్న ఏ ఉస్తాద్ అయినా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: సైలెన్సర్ మార్చారా?

సైలెన్సర్ మార్చేవాళ్లు రెండు రకాలు. కొందరు కుర్రాళ్లు సౌండ్ కోసం మారుస్తారు. ఇంకొందరు పాతది తుప్పు పట్టి రంధ్రం పడితే, కంపెనీది ఖరీదని లోకల్ పైపు వేయిస్తారు. కారణం ఏదైనా ఇంజిన్‌కు లెక్క ఒక్కటే. గల్ఫ్ నుంచి అబ్బా పంపిన పైసలతో కొన్న ఒక్క బండి మీదే దుకాణం, కాలేజీ, ఆసుపత్రి అన్నీ నడిచే ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. అలాంటి ఇంట్లో ఇంజిన్ బోరింగ్‌కు వస్తే ఖర్చు ఒక్కటే కాదు, నాలుగు రోజుల పని కూడా ఆగుతుంది.

ఏ బండ్లకు ఈ సమస్య?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన చాలా బైకుల్లో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. దానికి జెట్లు, స్క్రూలు ఉండవు. పెట్రోల్ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. అంతకు ముందు అమ్మిన స్ప్లెండర్, ప్యాషన్, పల్సర్, బుల్లెట్ లాంటి బండ్లలో ఎక్కువ భాగం కార్బురేటర్‌వే. ఇక్కడ చెప్పేది వాటి గురించే.

సైలెన్సర్‌కూ పెట్రోల్‌కూ సంబంధం ఏమిటి?

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కంపెనీ తన సొంత సైలెన్సర్, తన సొంత ఎయిర్ ఫిల్టర్ పెట్టి, వాటికి సరిపడేలా కార్బురేటర్ జెట్ల సైజు నిర్ణయిస్తుంది. లోపల అడ్డు తక్కువున్న పైపు వేస్తే పొగ త్వరగా బయటికి పోతుంది. సిలిండర్‌లోకి కొత్త గాలి ఎక్కువ వస్తుంది. పెట్రోల్ ఇచ్చే జెట్ మాత్రం పాతదే. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. మెకానిక్ భాషలో దీన్నే లీన్ అంటారు.

లీన్ అయిన మిశ్రమం మెల్లగా మండుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. రేస్ వదిలినప్పుడు సిలిండర్‌లో సరిగా కాలని పెట్రోల్ వేడి పైపులోకి పోయి అక్కడ అంటుకుంటుంది. ఆ పటాకీల చప్పుడు అదే. కొందరికి అది సరదాగా ఉంటుంది కానీ, బండి ఆకలిగా ఉందని చెప్పడం అది. అలాగే నెలల తరబడి నడిపితే వాల్వులు, పిస్టన్ దెబ్బతింటాయి.

ఇప్పుడు ఇంకో విషయం కూడా కలిసింది. బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్లతో నడిచే బండి దానివల్లనే కొంత లీన్ అవుతుంది. దాని మీద ఓపెన్ సైలెన్సర్ వేస్తే దెబ్బ రెండింతలు.

యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. వాటిలో సైలెన్సర్ ఉత్త పైపు కాదు. దాని పొడవు, లావు ఇంజిన్ పవర్‌నే నిర్ణయిస్తాయి. పిస్టన్‌కు తడి ఇచ్చేది పెట్రోల్ మిశ్రమంతో కలిసి వచ్చే ఆయిలే. మిశ్రమం పల్చబడి వేడి పెరిగితే నడుస్తున్న బండిలోనే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఆగిపోతుంది.

కార్బురేటర్ ముట్టే ముందు

చప్పుడు వచ్చిందని వెంటనే స్క్రూ తిప్పడం తప్పు. ముందు ఇవి చూడాలి:

- ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య గ్యాస్కెట్ కొత్తది వేశారా? అక్కడ గాలి లీకైతే ట్యూనింగ్ ఎంత చేసినా పటాకీలు ఆగవు.
- కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు పగిలిందా?
- ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా? సౌండ్ కోసం దాన్ని తీసేస్తే గాలి ఇంకా పెరుగుతుంది, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.
- టప్పెట్ గ్యాప్, ప్లగ్ సరిగా ఉన్నాయా? కార్బురేటర్ బౌల్‌లో చెత్త ఉందా?

ట్యూనింగ్ వరుస ఇది

కార్బురేటర్‌లో పెట్రోల్ మూడు దారుల్లో వస్తుంది. ఏ రేస్ దగ్గర ఇబ్బంది ఉందో తెలిస్తే ఏది మార్చాలో తెలుస్తుంది. రేస్ గ్రిప్ మీద టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే పని సులువు.

మొదటిది, ఐడిలింగ్ నుంచి పావు రేస్ దాకా. ఇది స్లో జెట్, మిక్చర్ స్క్రూ పని. బండిని పది నిమిషాలు నడిపి వేడి చేశాక, ఇంజిన్ ఆపి స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. తర్వాత ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వెనక్కి తిప్పి బండి స్టార్ట్ చేయాలి. ఐడిలింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటుందో అక్కడ ఆపాలి. ఆ తర్వాత ఐడిల్ స్క్రూతో స్పీడ్ తగ్గించుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. రెండింటినీ ఒకటే అనుకుంటే పని తలకిందులవుతుంది. పెట్రోల్ స్క్రూను మూడు చుట్లకు మించి బయటికి తిప్పాల్సి వచ్చినా, ఎయిర్ స్క్రూను ఒక చుట్టు కూడా బయటికి తీయలేకపోయినా, స్లో జెట్ ఒక సైజు పెంచాలని అర్థం.

రెండోది, పావు నుంచి ముప్పావు రేస్ దాకా. ఊళ్లో బండి ఎక్కువగా నడిచేది ఇక్కడే. ఇది నీడిల్ పని. నీడిల్ మీది క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. గాళ్లు లేని నీడిల్ అయితే కింద పల్చటి వాషర్ వేస్తారు.

మూడోది, ముప్పావు నుంచి ఫుల్ రేస్. ఇది మెయిన్ జెట్ పని. జెట్ మీద నంబర్ ఉంటుంది. ఒక్కో సైజు మాత్రమే పెంచి చూడాలి. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈ పరీక్ష కోసం ఎన్‌హెచ్ 63 మీద ఫుల్ రేస్ కొట్టాల్సిన అవసరం లేదు. మామూలుగా నాలుగైదు రోజులు నడిపి ప్లగ్ తీసి చూస్తే చాలు. లేత చాయ్ రంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ. నల్లగా మసి పడితే ఎక్కువ.

పెట్రోల్ ఎక్కువైనా నష్టమే. మైలేజ్ పడిపోతుంది, పొగ నల్లగా వస్తుంది, సిలిండర్ గోడ మీది ఆయిల్ కడుక్కుపోతుంది. మైలేజ్ కోసమని స్క్రూను మరీ లీన్ చేయించుకోవడం ఇంకో తప్పు. పది రూపాయల పెట్రోల్ మిగిల్చి వేల రూపాయల బోరింగ్ తెచ్చుకున్నట్టు.

ట్యూనింగ్‌తో పోనిది ఒకటుంది

జెట్ ఎంత బాగా కుదిర్చినా చప్పుడు తగ్గదు. దేశంలో తయారయ్యే బైకులకు చప్పుడు పరిమితి 80 సీసీ దాకా 75 డెసిబెల్స్, 175 సీసీ దాకా 77, ఆ పైన 80. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహన చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికి 3 నెలల దాకా జైలు లేదా రూ. 10,000 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 3 నెలలు లైసెన్స్ కూడా పోతుంది. హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన సందర్భాలున్నాయి.

ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే ఈ-చలాన్ వాళ్ల పేరు మీదే వస్తుంది. కొడుకు గల్లీలో సౌండ్ చేస్తే, కేసు దుబాయ్‌లో కష్టపడుతున్న తండ్రి పేరు మీద పడొచ్చు. ఆ చప్పుడు పక్కింట్లో జబ్బు మనిషికి, పరీక్షలకు చదివే పిల్లకు, నిద్రపోతున్న పసిబిడ్డకు కూడా వినిపిస్తుంది.

అందుకే పైపు కొనే ముందే ఉస్తాద్‌ను మూడు ప్రశ్నలు అడగాలి. లోపల చప్పుడు తగ్గించే జాలీ ఉందా? గ్యాస్కెట్ కొత్తది వేస్తారా? కార్బురేటర్ ట్యూనింగ్ ఈ ఖర్చులోనే ఉందా? కంపెనీ సైలెన్సర్‌ను మాత్రం పాత సామాను వాళ్లకు అమ్మేయకూడదు. తుప్పు రంధ్రం చిన్నదైతే వెల్డింగ్‌తో పోతుంది. ఏ జెట్ తీశారో అది కూడా కాగితంలో చుట్టి దాచిపెట్టుకోవాలి. బండిని మళ్లీ పాత స్థితికి తేవాలంటే పనికొచ్చేవి ఆ రెండే.