మీకు తెలుసా? మన సర్కారు ముద్రకు క్రోమ్ గిరి గీసింది!

2014 జూలైలో గూగుల్ క్రోమ్ మన కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్ల వ్యవస్థకు గిరి గీసింది. రిజర్వ్ బ్యాంకు, ప్రభుత్వ సైట్లు, కాలేజీలు వాడే డొమైన్లు, ఇలా ఏడింటికి తప్ప మరి దేనికీ ఆ సర్టిఫికెట్లను నమ్మబోనని తేల్చేసింది.

బ్యాంకు సైటు తెరిస్తే, అది నిజంగా ఆ బ్యాంకుదేనని బ్రౌజర్‌కు సాక్ష్యం చెప్పేది సర్టిఫికెట్. ఎవరి సాక్ష్యం నమ్మాలో చెప్పే జాబితా మన కంప్యూటర్లో ముందే ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ జాబితాకెక్కిన ఏ సంస్థయినా ప్రపంచంలోని ఏ సైటుకైనా సర్టిఫికెట్ రాసివ్వగలదు.

ఆ ఏడాది జరిగింది అదే. ఢిల్లీలోని ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ పేరు మీద గూగుల్ డొమైన్లకు సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ వాటిని అడగనేలేదు. అలాంటి సర్టిఫికెట్ చేతికి చిక్కినవాడు దారిలో కాపుకాసి మన జీమెయిల్ చదివేసినా, ఆ సాక్ష్యాన్ని నమ్మే బ్రౌజర్ కిక్కురుమనదు. ఎన్‌ఐసీ జారీ వ్యవస్థే దెబ్బతిందని దానిపై అజమాయిషీ చేసే ప్రభుత్వ విభాగం సీసీఏ విచారణలో తేలింది. దొంగ సర్టిఫికెట్లు నాలుగేనని సీసీఏ చెబితే, ఇంకా ఉన్నాయని గూగుల్ వెల్లడించింది. యాహూ పేరిట కూడా దొరికాయి. సీసీఏ పేరు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండటంతో ముప్పు విండోస్ వాడేవారికి వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌ది సొంత జాబితా, అందులో సీసీఏ లేదు. కాబట్టి దానికేమీ కాలేదు.

కజకిస్థాన్‌లో మాత్రం ప్రభుత్వమే పనిగట్టుకుని ఈ దారి పట్టింది. తన సర్టిఫికెట్‌ను ఫోన్లలో, కంప్యూటర్లలో వేసుకోమని 2019 జూలైలో ఇంటర్నెట్ కంపెనీల ద్వారా జనానికి చెప్పించింది. ఆగస్టులో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ దాన్ని చెల్లకుండా చేశాయి. 2020 డిసెంబర్‌లో మళ్లీ ప్రయత్నించినా అదే జరిగింది.

ఇక మన దగ్గర, సీసీఏను నమ్మే స్వదేశీ బ్రౌజర్ కోసం కేంద్రం 2023లో పోటీ పెట్టింది. 2025 మార్చిలో జోహో కోటి రూపాయల మొదటి బహుమతి గెలుచుకుంది. మన సైట్ల భవితవ్యం విదేశీ కంపెనీల చేతిలో ఉండకూడదనుకోవడం న్యాయమే. అయితే ఎన్‌ఐసీ ఉదంతం చూశాక, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ అందరికీ కనిపించే చిట్టాలో రాయాలని ఆ బ్రౌజర్ కూడా పట్టుబట్టాల్సిందే. కొత్త సర్టిఫికెట్లకు క్రోమ్ 2018 నుంచి ఈ షరతు పెడుతోంది. ఆ చిట్టాలను వెతికిపెట్టే సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే సైటులో మీ బ్యాంకు వెబ్ చిరునామా కొట్టండి, దాని పేరిట ఎవరెవరు ఎప్పుడెప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చారో వరసగా కనిపిస్తుంది.