“సైకో” యను మాట చాలునా?

ఆడబిడ్డపై అత్యాచారము జరిగెనను వార్త వెలువడినంతనే “వాడొక సైకో” యను మాట పెదకాకాని వంటి గ్రామములలో సైతము అరుగులమీద వినవచ్చుచున్నది. అంతటితో విచారణ ముగిసినట్లే జనులు తలంచుచున్నారు. నేరస్థుడు మనవంటి మనుష్యుడు కాడనుకొనుటలో కొంత యూరట కలదు. గాని ఆ యూరటవలన ఏ బిడ్డకును రక్షణ కలుగదని మా యభిప్రాయము.

మతి చెడకయే, మాటనేర్పు కలిగియే, పరుల బాధ నెరుగని, పశ్చాత్తాపము లేని మనుష్యులను 1941లో అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ వర్ణించెను. కెనడా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హేర్ దానిని కొలతకు దెచ్చెను. 1991లో ప్రచురితమైన ఆయన పట్టికలో 20 అంశములు కలవు. ఒక్కొక్కదానికి సున్న మొదలు 2 వరకు గుణములు, మొత్తము 40. అమెరికాలో 30 గీటుగా నుంచిరి. ఐరోపాలో 25 చాలునన్నవారును గలరు. శిక్షణ పొందిన పరీక్షకుడు ఖైదీతో మాటలాడుటయే గాక, కోర్టు, జైలు కాగితములను గూడ చదివి గుణములు వేయవలెను. ఏలయన అబద్ధమాడుట ఆ లక్షణములలో నొకటి.

ఈ పరిశోధనలు తేల్చినదేమి? సైకోపతి పిచ్చి కాదు. అట్టివానికి తప్పొప్పులు తెలియును. కావున నిది శిక్ష తప్పించు సాకు కానేరదు. లైంగిక నేరస్థులలో అధికులు ఆ గీటు దాటినవారు కారు. దాటినవానియందు వికృత కామవాంఛయు కూడినచో మరల నేరము చేయు అపాయము మిక్కుటము. ఇక మన దేశపు నేర గణాంకములు చూడుడు. అత్యాచారపు కేసులలో నూటికి తొంబదికి పైగా నిందితులు బాధితురాలెరిగినవారే: బంధువులు, ఇరుగుపొరుగువారు, స్నేహితులు, యజమానులు. “సైకో” యను మాట మన కన్నును అపరిచితునివైపు త్రిప్పి, ఇంటికి వచ్చిపోవువానిని మరపించుచున్నది.

కొలతకును హద్దు కలదు. గుంటూరు యార్డులో వర్తకుడు బస్తా విప్పి, రంగును తాలును జూచి ధర కట్టును. ఆ కాయ యెవరి చేనిదో ఆ చూపు చెప్పజాలదు. అట్లే స్వభావపరీక్ష నేరమును రుజువు చేయజాలదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నము వసతిగృహమున జరిగిన విద్యార్థిని హత్యకేసులో 2010లో శిక్షింపబడిన యువకుని, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషియని విడుదల చేసెను. ఎనిమిదేండ్ల చెర అతనికి మిగిలెను. అసలు దోషి యెవరను ప్రశ్న ఆ తల్లిదండ్రులకు మిగిలెను.

తొందర మరియొక నష్టమును గూడ తెచ్చును. 2019 నవంబరులో శంషాబాదు చెంత పశువైద్యురాలిపై జరిగిన ఘోరమునకు దేశమెల్ల కుమిలెను. డిసెంబరు 6న నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో చచ్చిరి. పోలీసులపై పూలు చల్లిరి. చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగెననియు, వారిలో ముగ్గురు మైనర్లనియు సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022లో వెల్లడించెను. వారెట్టి మనస్సు గలవారో, ఏది వారినంతకు దెచ్చెనో తెలిసికొను తావే లేకపోయెను.

మార్గము లేకపోలేదు. మరణశిక్షకు తగిన కేసులలో నిందితుని మానసిక పరీక్షా నివేదికను ప్రభుత్వము కోర్టు ముందుంచవలెనని సుప్రీముకోర్టు 2022 మే 20న ఆదేశించెను. ఈ పద్ధతి ఉరికేసులతో నాగరాదు. శిక్షపడిన ప్రతి లైంగిక నేరస్థుని జైలులోను, విడుదలకు ముందును, శిక్షితులైన మనస్తత్త్వజ్ఞులు పరీక్షింపవలెను. ఎవనికి చికిత్స, ఎవనిపై దీర్ఘకాలపు నిఘా యను నిర్ణయమున కది తోడ్పడును. పరదేశపు గీటు మన ఖైదీలకు సరిపడునో లేదో ముందు పరిశీలింపవలెను. ప్రశ్నలు వారికి తెలిసిన తెలుగులో నడుగవలెను.

జైలు గడువు తీరిన ఖైదీ మన గ్రామములకే తిరిగివచ్చును. అతడెట్టివాడో తెలిసికొనుటకు ప్రభుత్వమునకు గడువంతయు నవకాశము కలదు. ఆ కాలమును వ్యర్థము చేయుట బిడ్డలకు ద్రోహమని హెచ్చరించుచున్నాము.