మైకు ముందు మనసు మాట

ఇద్దరు చాటుగా చెప్పుకొనవలసిన మాట పదిమంది నడుమ పడినపుడు నవ్వు పుట్టును. పాత ప్రహసనముల నాటినుండి నేటి టెలివిజన్ హాస్య ధారావాహికల వరకు ఈ సూత్రము మారలేదు. ఆఫీసును రంగస్థలముగా చేసికొన్న కథలలో దీని బలము మరింత ఎక్కువ. అచ్చటివారు ఒకరినొకరు కోరి చేరినవారు కారు. అయినను దినమంతయు ఒకరి కంట ఒకరు పడుచునే యుందురు. అచ్చట పుట్టిన ప్రేమ దాగదు. అది భగ్నమైనను మరునాడు అదే కుర్చీలో కూర్చుండక తప్పదు.

‘ది ఆఫీస్’ అను అమెరికా ధారావాహికలోని ‘దివాలీ’ అను భాగము దీనికి చక్కని నిదర్శనము. ఈ ధారావాహికకు మూలము బ్రిటనులో బి.బి.సి. 2001లో ప్రారంభించినది. అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 2005 నుండి 2013 వరకు 201 భాగములు ప్రసారము చేసినది. పెన్సిల్వేనియా రాష్ట్రమున, స్క్రాంటన్ పట్టణమున కాగితము అమ్ముకొను ఒక కల్పిత కంపెనీ శాఖలో కథ జరుగును. ఒక డాక్యుమెంటరీ బృందము ఆ ఆఫీసును చిత్రించుచున్నదని కల్పన. అందుచే పాత్రలు నడుమ నడుమ కెమెరా వంక చూతురు. ఒంటరిగా దాని యెదుట కూర్చుండి తమ గోడు చెప్పుకొందురు.

‘దివాలీ’ భాగము 2006 నవంబరు 2వ తేదీన ప్రసారమైనది. దీనిని వ్రాసినది మిండీ కేలింగ్. తమిళుడైన తండ్రికి, బెంగాలీ తల్లికి అమెరికాలో జన్మించిన ఈమెయే కెల్లీ కపూర్ అను ఉద్యోగిని పాత్రను ధరించినది. కెల్లీ తలిదండ్రులుగా కనిపించువారు ఆమె సొంత తలిదండ్రులే. కెల్లీ ఆఫీసు వారినందరిని దీపావళి వేడుకకు పిలుచును. మేనేజరు మైకేల్ స్కాట్ అంతకుముందే భారతదేశమును గూర్చి ఉపన్యసించును. అతడు చెప్పిన భారతీయ ప్రముఖుల జాబితాలో నోబెల్ బహుమానము పొందిన చంద్రశేఖర్ సరసన, వ్యంగ్య చిత్రములలోని అపూ అను కల్పిత పాత్రయు ఉండును! పండుగ పుట్టుపూర్వములు కెల్లీకి తెలియవు. రాముడు రావణుని గెలిచి పట్టాభిషిక్తుడైన కథను చెప్పగలిగినది డ్వైట్ అను అమెరికనుడు. నరకాసుర వధను తలచు మన తెలుగువారికి ఈ కథ ఉత్తరాది వారిదిగా తోచును.

ఇక ప్రణయ విఘ్నములు. మైకేల్ తాను స్నేహము చేయుచున్న కేరోల్‌ను వెంటబెట్టుకొని వచ్చును. ఇది వేషములు వేసికొను విందు అని అతడు చెప్పగా నమ్మి, ఆమె ఆటల పోటీలలో ఉత్సాహపరచు యువతుల దుస్తులలో వచ్చి చీరల నడుమ సిగ్గుపడును. మైకేల్ కెల్లీ తలిదండ్రులతో మాటలాడి, వారిది పెద్దలు కుదిర్చిన వివాహమని తెలిసికొనును. అంత స్వల్ప పరిచయముతో కాపురము చక్కగా సాగినదే, తానేల ఆలస్యము చేయవలెనని వెంటనే వేదిక నెక్కి, సభ యెదుటనే కేరోల్‌ను తన్ను వివాహమాడుమని అడుగును. వారు కలిసికొనుట అది తొమ్మిదవ మారు మాత్రమే! ఆమె అతనిని పక్కకు పిలిచి నిరాకరించి వెడలిపోవును.

మైకేల్ పొరపాటు ఎచ్చట? పెద్దలు కుదిర్చిన పెండ్లిలో వధూవరులకు పరిచయము లేకపోవచ్చును. కాని రెండు కుటుంబములు ఆరాలు తీసి, మంచిచెడ్డలు తర్కించిన పిమ్మటనే తాంబూలములు పుచ్చుకొందురు. అతడు వేగమును చూచెను; వెనుకనున్న విచారణను చూడలేదు. పైగా ఆ మాటను మైకునకు అప్పగించెను. నిత్యము మైకు ముందు కూర్చుండు మావంటివారికి ఈ ఘట్టము బాగుగా బోధపడును. మైకు మాటను దూరము పంపగలదే కాని, దానికి తగిన సమయము వచ్చినదో లేదో చెప్పజాలదు. నలుగురి యెదుట అడుగబడిన స్త్రీకి ‘కాదు’ అనుట ఎంత కష్టమో అతడు ఆలోచింపలేదు.

పిమ్మట గుమాస్తా పామ్ అతనిని ఓదార్చగా, ఆ దయను ప్రేమగా భ్రమించి ముద్దు పెట్టుకొనబోవును. ఆమె తప్పించుకొనును. ఇంటికి కారులో దిగబెట్టుమని అతడు వేడగా, వెనుక సీటులో కూర్చుండినచో సరే అనును. మందలింపును, కరుణయు ఆ ఒక్క షరతులో ఇమిడి యున్నవి.

ఇంకొక విఘ్నము మౌనము వలన కలిగినది. అదే సంవత్సరము మే నెలలో ప్రసారమైన భాగములో జిమ్ అను సహోద్యోగి పామ్‌కు తన ప్రేమను తెలిపి, నిరాకరింపబడి, స్టామ్‌ఫర్డ్ శాఖకు బదిలీపై వెళ్లెను. తరువాత ఆమె తనకు నిశ్చయమైన పెండ్లిని మానుకొనినది. దీపావళి రాత్రి ఆమె ఫోనులో అతనికొక సందేశము పంపును. ఆ సమయమున అతడు ఆఫీసులో మద్యము సేవించి బల్లమీద తలవాల్చి నిద్రించుచుండును. ఒకడు చెప్పరానిచోట చెప్పెను. మరియొకరు చెప్పిన మాట వినవలసిన చెవికి చేరలేదు.

ఈ ధారావాహికలో ముందుగా రికార్డు చేసిన నవ్వులు వినిపింపవు. మైకేల్ ప్రశ్న తరువాత వచ్చు నిశ్శబ్దమే నవ్వు పుట్టించును, మనసును గుచ్చును. రేడియోలో నిశ్శబ్దమునకు భయపడుదుము. ఇచ్చట అదియే ప్రధాన వాద్యము. రచయిత్రి ఎవరిని దుష్టులుగా చిత్రింపలేదు. ఒంటరితనము చేత తొందరపడినవాడు కనుకనే మైకేల్‌ను చూచి నవ్వుదుము, జాలిపడుదుము.

2011 మార్చి 24న ప్రసారమైన భాగములో ఇదే మైకేల్ హోలీ అను సహోద్యోగినిని పెండ్లికి అడుగును. ఆమెను ఆఫీసులో తమ జ్ఞాపకములున్న తావులకు త్రిప్పి, తోటివారు క్రొవ్వొత్తులు పట్టి నిలువగా, ఆమె కూర్చుండు బల్లయొద్దకు కొనిపోవును. ఈసారియు చుట్టును జనమున్నారు. కాని అచ్చటి ప్రతి అడుగు వారిద్దరిది. ఆమె మనసు నెరిగి అడిగిన ప్రశ్న అది. ఆమె అంగీకరించును. మాట ఒక్కటే; దానిని వినువారి మనసు సిద్ధమగువరకు వేచియుండుటలోనే నవ్వులపాటునకును, శుభమునకును గల భేదమున్నది.