పరీక్ష, తనిఖీ, ధ్రువపత్రము: ఒకటిగాని మాటలు

గ్రామ పంచాయతీ సిమెంటు రోడ్డు వేయించినను, నీటి గొట్టములు కొనినను, బోరుబావికి మోటారు తెప్పించినను సామానుతోపాటు కొన్ని కాగితములు వచ్చును. వానిపై టెస్టు, ఇన్‌స్పెక్షన్, కాలిబ్రేషన్, సర్టిఫికేట్ మున్నగు ఆంగ్ల పదములుండును. వీనినన్నిటిని కలిపి “పరీక్ష అయినది” అని ఒక్క మాటలో చెప్పివేయుట మనకు వాడుక. కాని వీనిలో ప్రతి పదమునకును ప్రత్యేకమైన అర్థము కలదు. ఒకదానిని మరియొకటిగా భ్రమించినచో నాసి సామాను సయితము పంచాయతీ తీర్మానముతో మంచి సామానుగా చెల్లుబాటగును. బిల్లు చెల్లించిన పిదప నష్టము గ్రామమునకే మిగులును. సభ్యులందరును ఇంజనీర్లు కానక్కరలేదు. ఈ పదముల తారతమ్యము నెరిగియున్న చాలును.

తనిఖీ వేరు, పరీక్ష వేరు

ఇన్‌స్పెక్షన్ అనగా తనిఖీ. వచ్చిన సామానును చూచి, లెక్కించి, కొలిచి, ఆర్డరులోని వివరములతో సరిపోల్చుటయే తనిఖీ. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చినవి, వానిపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదా, తయారైన వారము, సంవత్సరము ముద్రింపబడినవా, లోపల గడ్డలు కట్టినదా అని చూచుట ఇట్టిది. దీనిని సభ్యులు స్వయముగా చేయవచ్చును.

టెస్టు అనగా నిర్ణీతమైన పద్ధతి ననుసరించి ప్రయోగము జరిపి, వస్తువు గుణమును అంకెలలో తెలిసికొనుట. కాంక్రీటు ఎంత గట్టిదో కన్ను చెప్పజాలదు. ఐ.ఎస్. 456 అను ప్రమాణము ప్రకారము 150 మిల్లీమీటర్ల ఘనములను పోతపోసి, నీటిలో నానబెట్టి, 28 రోజుల తరువాత యంత్రముపై నలిపి చూడవలెను. ఎం 20 కాంక్రీటు అనుటలో 20 అను సంఖ్య చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలమును సూచించును. రోడ్డు నునుపుగా నున్నదని వ్రాసిన తనిఖీ నివేదిక ఈ బలమునకు సాక్ష్యము కానేరదు.

మూడు విధములైన పరీక్షలు

మోటార్లు, పంపులు, గొట్టములు మున్నగు వస్తువుల విషయములో మూడు పదములు తరచుగా కనబడును: టైప్ టెస్టు, రొటీన్ టెస్టు, యాక్సెప్టెన్స్ టెస్టు.

టైప్ టెస్టు నమూనా రూపకల్పనకు సంబంధించినది. ఒక కొత్త రకము పంపును తయారుచేసినపుడు, ఆ రకము ప్రమాణమునకు తగినదా కాదా అని ఒకటి రెండు పంపులపై జరుపు సమగ్రమైన పరీక్ష యిది. రూపకల్పన గాని, వాడు పదార్థము గాని మారిననాడు దీనిని మరల జరుపవలెను. రొటీన్ టెస్టు కర్మాగారములో తయారైన ప్రతి వస్తువుపై జరుపునది. యాక్సెప్టెన్స్ టెస్టు కొనుగోలుదారునకు వచ్చిన సరకునుండి కొన్ని నమూనాలను తీసి, ఆ సరకును అంగీకరింపవచ్చునా అని నిర్ణయించుటకు జరుపునది. ఒకే విధముగా తయారై ఒకచోట చేర్చిన ఇట్టి సరకును “లాటు” అందురు.

భేద మిచ్చటనే యున్నది. వర్తకుడు మూడేండ్ల క్రిందటి టైప్ టెస్టు నివేదికను చూపి, “మా పంపులు పరీక్షలో నెగ్గినవి” అనవచ్చును. ఆ మాట అసత్యము కాదు. కాని అది ఆ రకము యోగ్యతను చెప్పునే గాని, నిన్న లారీలో దిగిన పంపును గూర్చి ఏమియు చెప్పదు. దానికి రొటీన్ టెస్టు నివేదికయు, అవసరమైనచో యాక్సెప్టెన్స్ టెస్టును కావలెను.

ప్రతి వస్తువును పూర్తిగా ఏల పరీక్షింపరాదు అని సందేహము కలుగవచ్చును. గొట్టమును పగులగొట్టియే దాని బలమును కనుగొనవలసి వచ్చినచో, అన్నిటిని పరీక్షించిన పిదప వాడుకొనుటకు గొట్టములే మిగులవు. అందువలన నమూనాలు తీయుదురు. ఆ నమూనాను ఎవరు ఎంచినారనునది ముఖ్యము. అమ్మినవాడే ఏరి పంపిన గొట్టము అతని ఎన్నికను చూపును గాని లాటును చూపదు.

సరియగుట, స్థిరముగా నుండుట

యాక్యురసీ, ప్రెసిషన్ అను రెండు పదములను గూడ ఒకటిగా భావింతురు. యాక్యురసీ అనగా నిజమైన విలువకు దగ్గరగా నుండుట. ప్రెసిషన్ అనగా మరల మరల కొలిచినను ఫలితములు ఒకదానికొకటి దగ్గరగా నుండుట. 10 కిలోల బియ్యమును ఐదుమారులు తూచినపుడు ఒక కాటా ప్రతిసారి 9 కిలోల 700 గ్రాములనియే చూపినచో దానికి ప్రెసిషన్ కలదు, యాక్యురసీ లేదు. ఎల్లప్పుడు ఒకే అంకె వచ్చుచున్నది గనుక కాటా మంచిదని నమ్ముట పొరపాటు. మరియొక కాటా 9.9, 10.1, 10.0, 9.8, 10.2 అని చూపినచో సగటు సరియే గాని నిలుకడ లేదు.

కాంక్రీటు ఘనముల పరీక్షలో ఈ నిలుకడకు విలువ యెక్కువ. మూడు ఘనముల సగటును ఒక నమూనా ఫలితముగా తీసికొందురు. అవి వరుసగా 24, 23, 16 అని వచ్చిన వనుకొందము. సగటు 21, అనగా 20కి మించినది. అయినను ఇది చెల్లదు. ఏ ఘనమును సగటునకు 15 శాతము కంటె ఎక్కువగా భేదింపరాదని ఐ.ఎస్. 456 నియమము. ఇచ్చట 16కును సగటునకును భేదము 5. అనగా సుమారు 24 శాతము. సగటు ఒక్కటే చూచి సంతకము పెట్టినవారికి ఈ సంగతి తెలియదు.

కాలిబ్రేషన్, వెరిఫికేషన్

కాలిబ్రేషన్ అనగా ఒక కొలత సాధనమును ప్రామాణికమైన సాధనముతో పోల్చి, భేద మెంతయో నమోదు చేయుట. ఇది మరమ్మతు కాదు, ఆమోదము కూడ కాదు. 300 గ్రాములు తక్కువ చూపు కాటాకు సయితము కాలిబ్రేషన్ పత్రము లభించును. ఆ పత్రములో 300 గ్రాముల లోపమని వ్రాసియుండును. పత్రమున్నదా అని అడిగిన చాలదు, అందులో ఏమున్నదో చదువవలెను.

తూనికలు, కొలతల విషయములో వెరిఫికేషన్ చట్టబద్ధమైన చర్య. ఆ లోపము చట్టము అనుమతించిన హద్దులో నున్నదని నిర్ధారించి ముద్ర వేయుటతో అది ముగియును. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింద, మామూలు తూకపు రాళ్ళకు 24 నెలల కొకసారియు, ఎలక్ట్రానిక్ కాటాలకు 12 నెలల కొకసారియు ముద్ర వేయించవలెను. సంతలో, రేషను దుకాణములో ఈ ముద్ర గడువును ఎవరైనను చూడవచ్చును.

సర్టిఫికేషన్, అక్రెడిటేషన్

సర్టిఫికేషన్ వస్తువునకు లభించునది. అక్రెడిటేషన్ పరీక్షించువారికి లభించునది. 1947లో స్థాపింపబడిన భారతీయ ప్రమాణాల సంస్థ 1952 నాటి చట్టముతో ఐ.ఎస్.ఐ. గుర్తును ఇచ్చు అధికారము పొందెను. 1987 ఏప్రిల్ 1 నుండి దాని స్థానమున భారతీయ ప్రమాణాల బ్యూరో పనిచేయుచున్నది. గుర్తు పైభాగమున ప్రమాణపు సంఖ్యయు, దాని క్రింద సి.ఎం/ఎల్. అను లైసెన్సు సంఖ్యయు ఉండవలెను. బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో ఆ లైసెన్సు సంఖ్యను చేర్చినచో లైసెన్సు నిజమైనదా కాదా తెలియును. వట్టి గుర్తు ఉండి సంఖ్యలు లేకున్న అనుమానింపవలసినదే.

ప్రయోగశాలలకు అక్రెడిటేషన్ ఇచ్చు జాతీయ సంస్థను ఎన్.ఎ.బి.ఎల్. అందురు. ఈ గుర్తింపు ప్రయోగశాలకు మూకుమ్మడిగా వచ్చునది కాదు; ఏయే పరీక్షలకు వర్తించునో జాబితా యుండును. నీటి పరీక్షకు గుర్తింపు పొందిన ప్రయోగశాల సిమెంటు పరీక్షకు గుర్తింపు పొందియుండవలెనను నియమము లేదు. మరియు టెస్టు రిపోర్టులపై “ఫలితములు పరీక్షించిన నమూనాకు మాత్రమే వర్తించును” అను వాక్యము సాధారణముగా కనబడును. ఆ చిన్న అక్షరముల వాక్యమును తప్పక చదువవలెను.

త్రాగునీటిలో రెండు హద్దులు

పదముల భేదము ఆరోగ్యమును తాకునది నీటి విషయములో. గ్రామములలో కిట్లతో జరుపు పరీక్ష స్క్రీనింగు మాత్రమే. అనుమానమున్న ఊటను గుర్తించుటకు అది తోడ్పడును. నిర్ధారణ ప్రయోగశాలలో జరుగవలెను. అచ్చటి నివేదికలో యాక్సెప్టబుల్, పర్మిసిబుల్ అని రెండు హద్దులు కనబడును. ఐ.ఎస్. 10500 ప్రకారము ఫ్లోరైడునకు అంగీకృతమైన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. 1.5 మిల్లీగ్రాములను రెండవ హద్దు వేరొక నీటి వనరు లేనప్పుడు మాత్రమే వర్తించును. కనుక 1.3 అని వచ్చిన నీటిని “పరీక్షలో నెగ్గినది” అని ప్రకటించుట సరికాదు. వేరొక వనరు ఉన్నదా అని ముందు వెదకవలెను. నైట్రేటునకు ఇట్టి సడలింపు లేదు. 45 మిల్లీగ్రాములే హద్దు. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఫ్లోరైడు నీటి వలన దంతములు, ఎముకలు చెడిన కుటుంబములను ఎరిగిన వారికి ఈ రెండు పదముల మధ్య దూర మెంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

బిల్లు సమావేశమునకు వచ్చినపుడు ఈ క్రింది ప్రశ్నలు వేయుట మేలు.

1. ఈ కాగితము తనిఖీ నివేదికయా, టెస్టు రిపోర్టా, సర్టిఫికేటా?

2. టెస్టు అయినచో అది ఆ రకముపై జరిగినదా, మనకు వచ్చిన లాటుపై జరిగినదా?

3. నమూనాను ఎవరు, ఎవరి సమక్షమున తీసిరి?

4. ప్రయోగశాలకు ఈ పరీక్ష విషయములో గుర్తింపు కలదా? కొలత సాధనముల కాలిబ్రేషన్ గడువు ముగియలేదు గదా?

5. ఫలితమును ఏ హద్దుతో పోల్చినారు?

ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానములను సమావేశపు పుస్తకమున వ్రాయించవలెను. అట్లు వ్రాయించిన పంచాయతీకి నాసి సామాను పంపుటకు వర్తకుడు జంకును. నిజాయితీగల వర్తకునకు ఏ యిబ్బందియు కలుగదు. గ్రామస్థుల పన్ను సొమ్మునకు సభ్యులు ధర్మకర్తలు. చదివి, అర్థము తెలిసికొని, పిమ్మట సంతకము చేయుట ఆ ధర్మములో మొదటిది.