కార్మికుని కడుపు నిండితేనే కొలిమి మండేది

యారాడ: గాజువాక పక్కనున్న విశాఖ ఉక్కు కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. అప్పుల వడ్డీలతో తొలి దశాబ్దమంతా నష్టాలే చవిచూసింది. అయినా కార్మికులకు ఉక్కునగరంలో ఇళ్లు, బడులు, ఆసుపత్రి సమకూర్చింది. ఒక్కొక్కరు రెండు మూడు పనులు నేర్చి, యంత్రాలను సామర్థ్యానికి మించి నడిపించారు. ఉక్కు ధరలు కూడా కలిసిరాగా 2002-03లో సుమారు 520 కోట్ల రూపాయల నికరలాభం వచ్చింది.

తర్వాతి కాలంలో మళ్లీ నష్టాలొచ్చాయి. 2024లో జీతాలు వాయిదాలలో అందాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. అదే ఏడు కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై మే నెలలో సమ్మె జరిగింది. డబ్బు వచ్చినా, పని తెలిసిన చేతులు పోతే కొలిమిని నడిపేదెవరు? మేత వేయని ఎద్దుతో దుక్కి సాగదని రైతుకు వేరే చెప్పాలా?