పాత చిత్రాల పునర్ముద్రణ: అనుమతి ఎవరి నుంచి?
జంషెడ్‌పూర్: ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారు తమ చరిత్రను సంచికగా వెలువరించాలంటే పాత ఛాయాచిత్రాలే ప్రధాన ఆధారం. అయితే చిత్రం ప్రతి చేతిలో ఉన్నంత మాత్రాన ప్రచురణ హక్కు సంక్రమించదు.

కాపీరైట్ చట్టం-1957లోని 17వ సెక్షన్ ప్రకారం, భిన్నమైన ఒప్పందం లేనప్పుడు, డబ్బు చెల్లించి స్టూడియోలో తీయించుకున్న చిత్రానికి తొలి హక్కుదారు తీయించుకున్న వ్యక్తే. కర్మాగార ఉద్యోగి విధుల్లో భాగంగా తీసిన చిత్రంపై హక్కు యాజమాన్యానిది. ఛాయాచిత్రకారుడి జీవితకాలంలో ప్రచురితమైన చిత్రానికి ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. గడువు ముగిశాక అనుమతి అవసరం లేదు.

గడువు ముగియని చిత్రాలకు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. ముద్రణకా, ఇంటర్నెట్‌లో ఉంచేందుకా, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. కాలపరిమితి పేర్కొనకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమైనట్లుగా చట్టం పరిగణిస్తుంది. విదేశాల్లోనూ ప్రచురించదలిస్తే ఆ మాట ముందే రాయించుకోవాలి.

చిత్రం కింద ‘సౌజన్యం’ అని వేయడం మర్యాదే గాని, అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. తెలిసి ఉల్లంఘిస్తే 3 ఏళ్ల వరకు జైలుశిక్ష, రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.